పుటకొక విస్తరి

ఆ మధ్యాహ్నం నవల చదువుతుంటే వాక్యం నడుమ వంగింది. పుస్తకం దూరం పెట్టి చూశాను, దగ్గర పెట్టి చూశాను. వరుస మధ్యలో మాత్రం ఘాట్ రోడ్డు మలుపులా వంకర. ‘‘అచ్చు సరిగ్గా వెయ్యలేదు వీళ్లు’’ అని తిట్టాను. భద్రాచలం అడవి దారిలో ఊగే బస్సులో, కండక్టరు సీట్లో కూర్చుని వెయ్యి నవలలు చదివిన కళ్లు నావి. వాటికి జబ్బేమిటి?

వెయ్యి కాదు లెండి. రెండొందలు ఉంటాయేమో.

భోజనాలయ్యాక మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నా భార్య రాజమ్మ మోదుగాకులతో విస్తళ్లు కుడుతుంది. నేను పక్కన కూర్చుని నవల పైకి చదువుతాను. ఆమెకు చదువు రాదు. నేను పుట తిప్పేసరికి ఆమె చేతిలో ఒక విస్తరి పూర్తవుతుంది. పెళ్లయిన కొత్తలో అలా కుదిరింది, అలాగే నడిచింది.

నెల తిరిగేసరికి అక్షరాల మధ్య బూడిదరంగు మచ్చ కనిపించింది. చెబితే ఆ మధ్యాహ్నాలు పోతాయని భయపడి ఎవరికీ చెప్పలేదు. పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని సొంతంగా కథ అల్లాను. నవలలోని జమీందారును పులితో కొట్లాడించాను, వరదలో గోదారి ఈదించాను. మూడు నెలలు నడిపాను.

ఒకరోజు రాజమ్మ పుల్ల గుచ్చడం ఆపింది.

‘‘ఏందయ్యా, ఆ కాయితం ఎప్పుడు తిప్పుతవ్? నాలుగు ఇస్తార్లయినయ్.’’

‘‘ఈ పుస్తకంల కాయితాలు పెద్దగున్నయే.’’

‘‘అవ్, మూడు నెలల సంది పెద్దగనే ఉంటున్నయ్. కనబడతలేదా?’’

నేను పుస్తకం ముఖం మీంచి దించాను. ఆమె ఆకులు పక్కకు నెట్టి నా చెయ్యి పట్టుకుంది. ‘‘జల్దీ లే. దవాఖానకు పోదాం.’’

ఖమ్మంలో కళ్లలో చుక్కలు వేసి కంటి లోపలి పొరలు చూపించే ఓసీటీ స్కాన్ తీశారు. డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. ‘‘వెట్ మాక్యులర్ డీజెనరేషన్, అంటే చూపు నడిమి భాగం దెబ్బతినే జబ్బు. రెండు కళ్లలోనూ రెటీనా పొర కింద నీరు చేరింది. ఎడమ కంటికి ఆలస్యమైంది. పోయిన చూపు తేలేను, ఉన్నది కాపాడుదాం.’’

కంట్లో ఇంజెక్షన్ వేస్తుంటే జోకులు చెప్పానని ఊళ్లో ప్రచారం చేశాను. నిజానికి నర్సమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. మత్తు చుక్కల వల్ల నొప్పి పెద్దగా తెలియలేదు. భయమే నొప్పి.

రెండో ఇంజెక్షన్ తర్వాత తలుపు చట్రం నిటారుగా కనబడింది. నయమైందనుకుని మూడోదానికి వెళ్లలేదు. కొన్ని వారాలకు చట్రం మళ్లీ వంగింది. ‘‘తాతా, మీకు మీరే డిశ్చార్జి రాసుకున్నారా?’’ అంది డాక్టరమ్మ. మళ్లీ మొదలుపెట్టాక కుడి కన్ను నిలబడింది కానీ, సన్న అచ్చు ఇక చదవలేనని తేలిపోయింది.

కొత్తగూడెంలో టీచరుగా ఉన్న మా అమ్మాయి సుజాత తెర మీద పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్ తెచ్చింది, అదే నవల అందులో పెట్టి మరీ. ‘‘అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దగయితది నాన్నా.’’

‘‘కాయితం వాసన లేనిది పుస్తకమా?’’ అని అరగంట ఉపన్యాసమిచ్చి దాన్ని అలమారలో పెట్టేశాను. వాసన వంక మాత్రమే. దాన్ని పుచ్చుకుంటే పాత చూపు ఇక రాదని ఒప్పుకున్నట్టే. పైగా అందులో పుట తిప్పిన చప్పుడు రాదు. రాజమ్మ దేన్ని బట్టి కుట్టాలి?

పది రోజులు ఇల్లు మూగబోయింది. పదకొండో రోజు ఆమే దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

‘‘గా పులి నిజంగ ఉన్నదా అండ్ల?’’

‘‘లేదే.’’

‘‘నాకెరుకే. ఉన్నదేందో సదువు.’’

‘‘కాయితం చప్పుడు రాదే దీన్ల.’’

‘‘నోరున్నది గదా నీకు. తిప్పిన అని చెప్పు.’’

ఇప్పుడు ఇంజెక్షన్లు దూరం దూరంగా పడుతున్నాయి. అచ్చు పుస్తకాలు అలమారలోనే ఉన్నాయి, దుమ్ము నేనే దులుపుతాను. నా అక్షరాల సైజుకు తెర మీద ఆరు వరుసలే పడతాయి. నేను ‘‘తిప్పిన’’ అంటాను, రాజమ్మ ఒక ఆకు కలుపుతుంది. మునుపు పుటకొక విస్తరి, ఇప్పుడు తెరకొక ఆకు.

మీకు నేను చెప్పగలిగేది ఒక్కటే. రోజూ ఒక కన్ను మూసి మరో కంటితో తలుపు చట్రం చూడండి, తర్వాత రెండో కంటితో. గీత వంగితే తలుపును తిట్టకుండా, ఆ రోజే ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్లండి. నేను కథలల్లుతూ ఎడమ కంటి చూపు పోగొట్టుకున్నాను.

అసలు నవలకన్నా నా పులే బాగుందని రాజమ్మ అంది.

అనలేదు. నవ్వింది, అంతే.