మావయ్యగారు తోడొచ్చిన అకౌంట్స్ క్లాసు

పోయిన నెలలో మా ఆడపడుచు కూతురు వచ్చి కొన్నాళ్లు మా ఇంట్లో ఉండి వెళ్లింది. విశాఖపట్నంలో ఏదో కంపెనీలో పనిచేస్తూనే అకౌంటింగులో సర్టిఫికెట్ కోర్సు ఒకటి చదువుతోందట. ఆఫీసు పనీ చదువూ రెండూ ల్యాప్‌టాప్‌లోనే కనుక ఎక్కడున్నా ఒకటేనని అరకు వచ్చి, మా వీధి వసారాలో సిగ్నల్ దొరికే మూల చూసుకుని కుర్చీ వేసుకుంది. పొద్దున్నే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నాకు చిక్కుడుకాయలకు ఈనెలు తీసిపెడుతూ, ఆస్తుల తరుగుదల లెక్కల పాఠం వింటూ ఉండేది. మాస్టారు మరీ నిదానంగా చెబుతారని ఆయన గొంతుకు వేగం పెంచి వింటుందట. పరీక్ష కూడా ఆ కుర్చీలోనే కూర్చుని రాసేయవచ్చునట. నేను తప్పు పట్టడం లేదు; మా రోజుల్లో ఆ సదుపాయం ఉంటే నేనూ అలాగే చదివి ఉందును. కాకపోతే అలా చదివి ఉంటే మా మావగారు ఎలాంటి మనిషో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

నేను గజపతినగరం వైపు పల్లెలో పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయి అరకు వచ్చేనాటికి మా అత్తవారికి స్టేషన్ రోడ్డులో కిరాణా కొట్టు ఉండేది. కింది నుంచి వ్యాపారానికి కొండెక్కిన కుటుంబాలన్నిటిలాగే వాళ్లూ అద్దె ఇంట్లో ఉంటూ, ఏదో ఒకనాటికి దిగిపోతామన్నట్టే మాట్లాడుతూ, దిగకుండానే ఉండిపోయారు. శుక్రవారం సంతకు డుంబ్రిగుడ వైపు నుంచీ చుట్టుపక్కల కొండల మీది నుంచీ వచ్చిన జనంతో కొట్టు కిటకిటలాడేది. మావయ్యగారు వాళ్లతో సగం తెలుగు, సగం ఒడియా కలిపి బేరాలాడుతూ, ఉప్పూ బెల్లమూ తూచి ఇస్తూ, పొద్దు వాలేదాకా ఆ చెక్కబల్ల దిగేవారు కారు. ఆ కొట్టు తప్ప ఆయనకు మరో లోకం ఉందని ఎవరూ అనుకోలేదు, బహుశా ఆయన కూడా.

మా తరం కోడళ్లకు నేను చెప్పనక్కర్లేదు, మావగారి ఎదుట కూర్చోవడమనేది ఉండేది కాదు. ఆయన ఏదైనా చెప్పదలిస్తే అత్తగారితో చెప్పేవారు, ఆవిడ నాతో చెప్పేవారు, నా జవాబు అదే దారిలో వెనక్కి వెళ్లేది. ఒకే ఇంట్లో అన్నేళ్లున్నా మేమిద్దరం నేరుగా మాట్లాడుకున్న మాటలు దాదాపు లేవనే చెప్పాలి. అందులో కోపమూ లేదు, భయమూ లేదు. అది అప్పటి పద్ధతి, అంతే.

పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక నేను కాఫీ రైతుల సంఘం ఆఫీసులో గుమాస్తాగా చేరాను. జీతం చిన్నది, ఉద్యోగం తాత్కాలికం. అలా కొన్నేళ్లు గడిచాక, అప్పటి అకౌంటెంటు రిటైరు కాబోతున్నారనీ, మాలో ఎవరైనా అకౌంట్స్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ పని పర్మినెంటుగా వాళ్లకే ఇస్తామనీ, లేకపోతే కింది నుంచి బీకాం చదివిన మనిషిని తెచ్చుకుని మాలో కొందరిని మానిపిస్తామనీ సంఘం పెద్దలు చెప్పారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసమే నడిపే కోర్సు విశాఖపట్నంలో ఉందని తెలిసింది. ఏడాది చదువు, ప్రతి ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా క్లాసులు. మధ్యలో అర్ధసంవత్సరం పరీక్ష ఉంటుంది, అది తప్పితే పేరు కొట్టేస్తారు.

మా ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్. ఆదివారం లేదు, పండగ లేదు, ఎక్కడ తీగ తెగితే అక్కడికి పోవలసిందే. చదవాలని ఉంటే చదువుకోమన్నారు గాని తోడు రాలేనన్నారు. అత్తగారి చింత పిల్లల తిండి గురించి. మావయ్యగారైతే గోడకు చెప్పినట్టుగా అన్నారట, ఆడకూతురు వారం వారం కొండ దిగి ఎల్లడమేటి, బజారులో నలుగురూ ఏటనుకుంటారు అని. అక్కడికి అది ముగిసిపోయిందనుకుని నేను మర్నాడు మామూలుగా ఆఫీసుకు వెళ్లిపోయాను. ఆ సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ, ఈసారి నాకు వినబడేలాగే అత్తగారితో అన్నారు, "శనివారం రైలుకి నేనూ ఎల్తాను. కొట్టు నువ్వు సూసుకో."

అది నా మీద దయ అని నేను అనుకోలేదు, ఆయనా అలా అనుకుని ఉండరు. కోడలు ఒంటరిగా తిరుగుతోందన్న మాట పడకూడదు, వచ్చే జీతమూ పోకూడదు. ఆ రెంటికీ కుదిరిన ఉపాయం అది.

శనివారం మధ్యాహ్నం కిరండోలు నుంచి వచ్చే పాసింజరు ఎక్కి దిగేవాళ్లం. ఆయన ఒక కిటికీ దగ్గర, నేను రెండు బెంచీల అవతల ఆడవాళ్ల మధ్యన. గోపాలపట్నంలో మా పిన్ని ఇంట్లో ఆ రాత్రి గడిపి, ఆదివారమంతా క్లాసులో ఉండి, సోమవారం పొద్దుటి రైలుకు మళ్లీ కొండెక్కేవాళ్లం. ఆఫీసుకు శనివారం పొద్దుటి పూట మాత్రమే, సోమవారం మధ్యాహ్నం నుంచి వెళ్లేలా అనుమతి తీసుకున్నాను.

క్లాసులు ఒక హైస్కూలు మేడ మీద జరిగేవి. పిల్లల కోసం చేసిన బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చునేవాళ్లం, పోర్టులో పనిచేసే ఆయన ఒకరు, ఆసుపత్రి మందుల స్టోరు చూసే నర్సమ్మ ఒకావిడ, ఇంకా నాలాంటివాళ్లు. భోజనం తర్వాత అందరికీ నిద్ర ముంచుకొచ్చేది. రైల్వేలో అకౌంట్స్ చూసి రిటైరైన మాస్టారు ఆ నిద్ర సంగతి తెలిసినవారై, మధ్యాహ్నం పూట ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి లెక్కలు చేయించేవారు. మావయ్యగారు మాత్రం వరండాలో, మెట్ల దగ్గర, గొడుగు పక్కన పెట్టుకుని కూర్చునేవారు. ఒక ఆదివారం జల్లు వరండాలోకి కొట్టడంతో మాస్టారు ఆ పెద్దమనిషి ఎవరని అడిగి, విషయం తెలుసుకుని, లోపలికి వచ్చి కూర్చోమన్నారు. ఆయన మొహమాటపడుతూ వచ్చి చివరి బెంచీలో కూర్చున్నారు. ఆ తర్వాత వాన లేని ఆదివారాల్లో కూడా అక్కడే కూర్చున్నారు.

కొన్ని వారాల తరువాత ఒక సోమవారం, రైలు శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుండగా, ఆయన లేచి వచ్చి నా ఎదుటి బెంచీలో కూర్చున్నారు. నేను కంగారుపడి లేవబోతే కూర్చోమన్నట్టు చెయ్యి ఊపారు. "అమ్మా, నిన్న మాస్టారు సెప్పింది నాకు బోధపడలేదు. నా పెట్టుబడి నా కొట్టుకి అప్పెలాగవుద్ది?"

ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్న మనుషుల మధ్య మొదటి సంభాషణ ఇలా మొదలవుతుందని నేను ఊహించలేదు. మాస్టారి మాటల్నే అప్పజెప్పాను. లెక్కల్లో కొట్టు వేరు, కొట్టు యజమాని వేరు. కొట్టును మరో మనిషిలా చూడాలి. ఆ మనిషికి మీరు డబ్బిచ్చారు గనక అది మీకు బాకీ పడింది. ఆయన వింటూ బయటికి చూస్తూ ఉండిపోయారు. సొరంగాలు ఒకటి తర్వాత ఒకటి వస్తూ, చీకటీ వెలుతురూ ఆయన ముఖం మీద మారుతున్నాయి. బొర్రా స్టేషన్లో సీతాఫలాలు అమ్మేవాళ్లు ఎక్కి దిగాక కాబోలు అన్నారు, "మరి ఇన్నాళ్లూ కొట్టంటే నేనే అనుకున్నానే."

ఆ తరువాత ప్రతి సోమవారమూ అదే వరస. ఆయన అడిగేవారు, నేను చెప్పేదాన్ని, చెప్పలేక తడబడిన చోటల్లా నాకే సరిగా తెలియదని తేలేది. ఆయన మహా ఏకసంథాగ్రాహి ఏమీ కారు. డెబిట్ ఎప్పుడు, క్రెడిట్ ఎప్పుడన్నది ఆయనకు చివరిదాకా తిరగబడుతూనే ఉండేది. కాని పట్టు వదిలేవారు కారు. ఒకసారి ట్రయల్ బ్యాలెన్సులో రెండు వైపుల మొత్తాలూ కలిసినప్పుడు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వాం. పక్కనున్నవాళ్లు తండ్రీ కూతుళ్లు అనుకున్నారట. మేము కాదనలేదు.

ఈలోగా కొట్లో అత్తగారు తన ఇష్టప్రకారం సర్దుళ్లు మొదలుపెట్టారు. బెల్లం డబ్బాలు వెనక్కి పోయాయి, ముందు వరసలోకి రిబ్బన్లూ గాజులూ వచ్చాయి. సంతకు వచ్చిన ఆడపిల్లలు ఎగబడి కొంటున్నారని ఆవిడ సంబరం. మామూలుగా అయితే మావయ్యగారు ఇల్లెగిరిపోయేలా కేకలేసేవారు. ఈసారి మాత్రం అటూ ఇటూ చూసి, తువ్వాలు భుజాన వేసుకుని, నా వైపు తిరిగి మెల్లిగా అన్నారు, కొట్టు వేరూ నేను వేరూ కదా అని. అది హాస్యమని పోల్చుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది.

అర్ధసంవత్సరం పరీక్ష తుపాను రోజుల్లో పడింది. శుక్రవారమంతా వాన. శనివారం పొద్దున్నకి రైలు పట్టాల మీద కొండచరియ జారిందనీ, బళ్లు రావనీ స్టేషన్లో చెప్పేశారు. బస్సులూ ఆగిపోయాయి. నేను పుస్తకాల సంచీ లోపల పెట్టేశాను. మావయ్యగారు బజారంతా తిరిగి అనంతగిరి దాకా పోయే జీపు ఒకటి పట్టుకొచ్చారు.

అనంతగిరి దాటాక రోడ్డు లేదు. రాళ్లూ మట్టీ, వేళ్లతో సహా పడిపోయిన సిల్వర్ ఓక్ చెట్లూ అడ్డంగా ఉన్నాయి. దగ్గరి ఊళ్ల గిరిజన మగవాళ్లు గొడ్డళ్లతో కొమ్మలు నరుకుతున్నారు. అవతలి వైపు శృంగవరపుకోట నుంచి వచ్చిన జీపులు ఆగి ఉన్నాయనీ, నడిచి దాటితే అందుకోవచ్చుననీ వాళ్లే చెప్పారు. సంచీ నెత్తిన పెట్టుకుని నేనూ, గొడుగు కర్రలా పట్టుకుని ఆయనా ఆ బురదలోకి దిగాం. చాలా దూరం వచ్చాక, ఇంక ఆ జీపులు కనిపిస్తున్నాయనగా, ఒక రాయి దొర్లి ఆయన పడిపోయారు. లేవబోయి మళ్లీ కూర్చున్నారు. నేను దగ్గరికి వెళ్తే కాలు బెణికింది, ఏటీ కాదన్నారు. పరీక్ష సంగతి వదిలేసి వెనక్కి వెళ్లిపోదామన్నాను. అవతల జీపువాడు హారన్ కొడుతున్నాడు.

"నువ్వు ఒక్కదానివీ ఎల్లగలవు," అన్నారు. "నాకోసం సూడకు. బేగి ఎల్లు."

ఏ మాట పడకూడదని ఆయన ఇన్ని నెలలు కొండ దిగారో ఆ మాటే బజారులో రేపు వస్తుందని ఇద్దరికీ తెలుసు. నేను వెళ్లాను. జీపు కదిలాక వెనక్కి చూస్తే, ఆ కొమ్మలు నరికేవాళ్లలో ఇద్దరు ఆయన చంకల కింద చేతులు వేసి లేపుతున్నారు.

పరీక్ష ఎలా రాశానో ఇప్పుడు గుర్తు లేదు. రాసేశాను. రైళ్లు లేక, మళ్లీ బస్సులు నడిచేదాకా పిన్ని ఇంట్లోనే ఉండి ఇంటికి వచ్చేసరికి ఆయన కాలికి కట్టుతో మంచం మీద ఉన్నారు. బెణుకు కాదు, చీలమండ దగ్గర ఎముక విరిగింది. అనంతగిరి ఆసుపత్రి దాకా ఆయన్ను డోలీలో మోసుకెళ్లారట. పడ్డప్పుడే ఆయనకు తెలుసునట. అత్తగారు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఆవిడను నేను తప్పు పట్టలేను. పరామర్శకు వచ్చిన పక్క కొట్టాయన, కాలికి దెబ్బ తగిలినవాణ్ని వదిలేసి కోడలు ఎల్లిపోవడమేటి, ఒక్కర్తినీ ఎలా పంపేవని అడగడం నేను వంటింట్లోంచి విన్నాను. మావయ్యగారు అన్నారు, "మా గుంటకి తోవ తెలుసు."

మా వైపు కన్నకూతుర్ని అంటారు అలా, మా గుంట అని. నేను పొయ్యి దగ్గరే నిలబడిపోయాను.

మిగిలిన ఆరు నెలలూ ఒంటరిగానే కొండ దిగాను. బజారులో ఏమనుకున్నారో అనుకున్నారు, కొన్నాళ్లకు అదీ పాతబడింది. మావయ్యగారికి కట్టు విప్పాక కూడా నడక సరిగా రాలేదు. సోమవారం సాయంత్రం కొట్లో బస్తా మీద కూర్చుని, నిన్న మాస్టారు ఏటి సెప్పాడని అడిగేవారు. నేను ఎదురుగా పీట వేసుకుని చెప్పేదాన్ని. అత్తగారు గల్లాపెట్టె దగ్గరి నుంచి వింటున్నట్టూ విననట్టూ ఉండేవారు. ఏడాది చివర సర్టిఫికెట్ వచ్చింది, అకౌంటెంటు పని నాకే ఇచ్చారు, రిటైరయ్యేదాకా అదే కుర్చీలో ఉన్నాను. ఆయన ఆ సర్టిఫికెట్ ఒకసారి తిరగేసి చూసి, జాగ్రత్తగా దాచుకోమన్నారు. అంతకు మించి పొగడ్త ఏమీ లేదు.

ఆయన పోయి చాలాకాలమైంది. కొట్టున్న చోట ఇప్పుడు టూరిస్టుల లాడ్జి వచ్చింది. ఘాట్ రోడ్డు వెడల్పయింది, అద్దాల పెట్టెలతో రైలు వస్తోంది, ఆడపిల్లలు ఎవరి తోడూ లేకుండా కొండ ఎక్కుతారు, దిగుతారు. అలాగే ఉండాలి. ఇప్పటి కోడళ్లు మావగార్లతో కలిసి కూర్చుని భోంచేస్తారు, ఫోన్లలో ఫొటోలు పంపుకుంటారు, ఏ మాటకైనా వెతుక్కోనక్కర్లేదు. మాకా చనువు లేదు. మాట్లాడుకోవడానికి మాకొక పాఠం కావలసివచ్చింది. కోర్సు పూర్తయిన తర్వాతి సోమవారం కూడా ఆయన బస్తా మీద కూర్చుని, ఏటి సెప్పాడమ్మా మాస్టారు అని అడిగారు. చదువు అయిపోయిందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను పీట వేసుకుని కూర్చుని, పాత పాఠమే ఒకటి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.