దారాలు కత్తిరించిన మధ్యాహ్నం

ఈ ఉదయం ఫోన్‌లో మా అబ్బాయి మళ్లీ అదే మాట అన్నాడు. "మైండ్ డైవర్ట్ చేసుకోండి నాన్నా." మా ఆవిడ పోయినప్పటి నుంచి నాకు ఈ సలహా ఇవ్వనివాళ్లు లేరు. విసుగొస్తుంది. మళ్లించడానికి నా మనసు అంత దూరమేమీ పోదు, ఆసుపత్రి మంచం దగ్గరే ఆగిపోతుంది. ఆక్సిజన్ మాస్కు కింద ఆమె ముఖం. అన్నేళ్ల కాపురంలో ఆమెకు వేరే ముఖమే లేనట్టు అదొక్కటే కనబడుతుంది.

నేను ప్రయత్నించకపోలేదు. పుస్తకం తెరిచి, చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదివాను. మేముండే అమ్రోలి నుంచి తాపీ నది వంతెన దాకా నడిచాను. మాస్కు కూడా నాతో నడిచింది. చివరికి పోయిన వానాకాలంలో కింది ఇంటి చెల్లెమ్మ నా ముందు ఒక చీరల మూట పెట్టింది. వాళ్లది తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబం. భర్త మరమగ్గం నడుపుతాడు. ఆమె చీరల వెనకవైపు వేలాడే దారాలను ఇంట్లో కూర్చుని కత్తిరిస్తుంది.

"చేతులు ఖాళీగుంటే గిట్లనే పరేషాన్ అయితది అన్నా. జర కత్తెర వట్టు."

పట్టాను. కాసేపు నిజంగానే దారం తప్ప ఏమీ కనబడలేదు. అంతలో మాస్కు ఎప్పుడు వచ్చిందో, కత్తెర లోతుకు పోయింది. చీర తిప్పి చూస్తే నేసిన పువ్వు సగం ఊడిపోయి ఉంది.

"ఏందన్నా, ఏలాడేది కొయ్యమంటే అల్లింది కోసినవ్?" అని చీర లాక్కుంది. నా ముఖం చూసి మెత్తబడింది. "పోనీ తియ్యి. వదిన సుత మొదటిసారి గిట్లనే చేసింది."

మా ఆవిడ కత్తెర పట్టిందని నాకు తెలియదు.

"నువ్వు బ్యాంకుకు పోంగనే ఈడికే వచ్చేది గదా. పువ్వు ఊడంగనే నోట్లె కొంగు వెట్టుకొని నవ్వుడే నవ్వుడు. మీ అన్నకు చెప్పకు, ఆఫీసరు పెండ్లానికి ఇదేం పని అని గులుగుతడు అన్నది."

నిజమే, సణిగేవాణ్ణే. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఆ ముఖం ఒక్క క్షణం కనబడింది. సాయంత్రానికి మాస్కు తిరిగి వచ్చింది. ఇప్పటికీ వస్తోంది. ఇదంతా ఫోన్‌లో చెప్పలేక అబ్బాయితో "సరే" అన్నాను. ఇన్నేళ్లు కలిసి బతికామని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. ఆ ఏళ్లలో ఆమెవంటూ కొన్ని మధ్యాహ్నాలు ఉన్నాయని, వాటిలో నేను లేనని, ఆమె లేని రోజుల్లో తెలిసింది.