ఆరో ప్లాట్‌ఫారం దాకా

బస్‌స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో చెప్పడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా అదే గది, అదే కుర్చీ. పొద్దున్నే అయిదింటికి డ్యూటీ ఎక్కితే మధ్యాహ్నం ఒంటిగంటకు దిగుతుంది. అక్కడి నుంచి రెండు బస్సులు మారి యూనివర్సిటీకి వెళ్తుంది. డిగ్రీ లేనిదే పై పోస్టు రాదని ఆఫీసులో తేల్చి చెప్పేసరికి, నలభై రెండేళ్ల వయసులో కమ్యూనికేషన్, మీడియా కోర్సులో చేరింది. అదే ఎందుకని మొగుడు అడిగితే, "మాట్లాడటం గురించే చెప్తారంట. ఆ పని నాకు ఎలాగూ వచ్చు కదా" అంది.

క్లాసులో అందరూ ఆమె కూతురి ఈడువాళ్లే. మొదటి వారంలోనే మైకక్క అని పేరు పెట్టేశారు. ఆమె ఏమీ అనుకోలేదు. అనుకునే ఓపిక ఉంటే కదా! నాలుగు కొట్టేసరికి కళ్లు కూరుకుపోయేవి. నోట్సులో అక్షరాలు గీతలై పేజీ కిందికి జారిపోయేవి.

రెండో ఏడాది ఒకరోజు మేడమ్ బోర్డు మీద రెండు సున్నాలు చుట్టి, ఒకదానిలో చెప్పేవారు, ఇంకోదానిలో వినేవారు అని రాసి, మధ్యన బాణం గీసింది. మైకక్క చెయ్యెత్తింది.

"అవతలివాళ్లకి వినపడిందని మనకెలా తెలుస్తుంది మేడమ్?"

మేడమ్ ఆమె కంటే పదేళ్లు చిన్నది. సుద్దముక్క బల్ల మీద పెట్టింది. "వెళ్లి అడగాలండీ. అడగందే తెలీదు. మీ ప్రాజెక్టు అదే చెయ్యకూడదూ?"

సెలవురోజు ఇంట్లో పడుకోవాల్సిన మనిషి, పుస్తకం పట్టుకుని ఆరో ప్లాట్‌ఫారం మీద నిలబడింది. మైకు గది ఒకటో ప్లాట్‌ఫారం పక్కన ఉంటుంది. ఇంత దూరం రావలసిన పని ఆమెకు ఎప్పుడూ పడలేదు. ఆరోజు ఆమె బదులు వేరొకామె మైకులో ఉంది. నెత్తిమీద స్పీకరు గరగరలాడింది. "బస్సు" అన్న ఒక్క మాట తెలిసింది. మిగతాదంతా పైకప్పు రేకులకు తగిలి ముద్దయిపోయింది.

నలభై మందిని అడిగింది. అర్థమైందన్నది పదకొండు మంది. బస్సు తప్పిపోయి సంచి మీద కూలబడ్డ ఒక ముసలావిడను కూడా అడిగింది.

"మైకులో చెప్పారు కదమ్మా, వినపడలేదా?"

"ఏం వినపడి చస్తుంది తల్లీ! రోజూ ఎవరో ఒకావిడ లోపల కూచుని గొంతు చించుకుంటుంది పాపం. ఇక్కడ వినపడట్లేదని ఆవిడకి చెప్పే దిక్కు కూడా లేనట్టుంది."

మైకక్క వంగి ముసలావిడను లేపింది. సంచి అందుకుని, తర్వాతి బస్సు దాకా నడిపించి, ఎక్కించి వచ్చింది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద వాలింది. "ఏమైందే?" అన్నాడు మొగుడు.

"ఇన్నేళ్లూ రేకులతో మాట్లాడాను."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. నీళ్లు తెచ్చి పక్కన పెట్టాడు.

లెక్కలన్నీ రాసిన కాగితాలు మేనేజర్‌కు ఇచ్చింది. ఆయన నాలుగు పేజీలు తిప్పి, "స్పీకర్లు మార్చడం మన చేతుల్లో లేదమ్మా" అని సొరుగులో పడేశాడు. దాంతో ఆమె తన చేతుల్లో ఉన్నదే మార్చింది. ప్రకటన మొదట్లో వచ్చే మర్యాద మాటలన్నీ తీసేసింది. ఊరి పేరు, ప్లాట్‌ఫారం నంబరు, అంతే. ఒక్కో మాట విడిచి విడిచి, రెండేసిసార్లు చెప్పింది. ఒంటిగంటయ్యేసరికి గొంతు బొంగురుపోయేది. యూనివర్సిటీ బస్సులో కండక్టరుకు సైగ చేసి టికెట్టు తీసుకునేది.

నెల తర్వాత ఒక సెలవురోజు, తన బదులు మైకులో కూర్చునే ఆమె చేత కూడా అలాగే చెప్పించి, ఆరో ప్లాట్‌ఫారం మీద మళ్లీ నలభై మందిని అడిగింది. ఈసారి ఇరవై రెండు మందికి అర్థమైంది.

"రెట్టింపయింది అక్కా!" అని పక్క బెంచీ పిల్ల ఎగిరి గంతేసింది.

"ఇంకా పద్దెనిమిది మంది ఉన్నారమ్మా" అంది మైకక్క బొంగురుగొంతుతో.

ప్రాజెక్టు మేడమ్ బల్ల మీద పెట్టి తన చోటికి వచ్చి కూర్చుంది. పాఠం మొదలైన కాసేపటికి తల చేతుల మీదికి వాలిపోయింది. ఎవరో నవ్వబోతే మేడమ్ కళ్లతోనే వారించి, గొంతు తగ్గించి పాఠం చెప్పుకుంటూ పోయింది.