ఓబులేసు నేసిన దేశాలు

గుత్తిలో ఉదయం ఏడు గంటల ప్యాసింజరు ఎక్కాను. స్టేషన్ బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినకుండా బండెక్కితే అసలు ప్రయాణం చేసినట్టే ఉండదు, కాబట్టి ఆ పని ముందే కానిచ్చాను. ధర్మవరం వెళ్ళేవారికి ఈ బండే మేలు. కిటికీ పక్కన చోటు దొరుకుతుంది, తొందర మాత్రం పనికిరాదు. నాకేమో ఆరోజు తొందరగానే ఉంది.

ముందురోజు సాయంత్రం ధర్మవరం నుంచి ఓబులేసు ఫోన్ చేశాడు. నేను అక్కడ పోస్టాఫీసులో గుమాస్తాగా ఉన్నప్పటి నుంచీ తెలిసిన నేతగాడు. కొన్ని నెలల కిందట వాళ్ళ షావుకారు ప్రపంచంలోని దేశాల పేర్లన్నీ తెలుగులో పట్టుమీద నేయమన్నాడు. బెంగుళూరు ప్రదర్శనలో వేలాడదీస్తాడట. పైగా చివర నీ పేరు కూడా నేసుకో అన్నాడు. ముప్పై ఏళ్ళుగా చీరలు నేస్తున్నవాడికి తన పేరు నేసుకోమన్న మనిషి ఎన్నడూ దొరకలేదు. అప్పుడు పేర్ల కోసం నా దగ్గరికి వస్తే నా స్టాంపుల ఆల్బం ఇచ్చి పంపాను.

చిక్కంతా అక్కడే వచ్చింది. మా స్టాంపుల పిచ్చోళ్ళ లెక్కలో సొంత స్టాంపు ఉంటే అది దేశం. ఆల్బం చివరి పేజీల్లో పరాయి రాజ్యాల కింద ఉన్న దీవులుంటాయి. ఓబులేసు వాటినీ వదల్లేదు.

"సారూ, సావుకారి ఇవి దేశాలే కాదంటాండాడు. మీరొచ్చి ఒక్క మాట చెప్పాల," అన్నాడు ఫోన్‌లో.

అనంతపురం దాటాక ఎదురు సీటులోని రైతు పలకరించాడు. "ఏమప్పా, పట్టుచీరకా?"

"కాదన్నా, దేశాల పంచాయితీకి."

"దేశాలా? వానల్లేక మా ఊర్లో సగంమంది దేశాలు పట్టి పోయినారు. బెంగుళూరికి కొందరు, మద్రాసుకు కొందరు," అన్నాడాయన. ఆయన లెక్కలో బెంగుళూరూ దేశమే. కిటికీ బయట మొలకెత్తని చెనిక్కాయ, అదే వేరుశనగ, చేలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి.

ధర్మవరంలో దిగేసరికి పది దాటింది. ఓబులేసు ఇంట్లో రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టారు. తినేంతసేపూ అతను గుడ్డ సంగతి ఎత్తలేదు. చెయ్యి కడుక్కోగానే, "పోదామా సారూ?" అన్నాడు. అతని భార్య లక్ష్మీదేవి కూడా చెప్పులు వేసుకుంది.

షావుకారు మంచివాడే, ఆ మాట చెప్పాలి. కాఫీ తెప్పించి, గుడ్డను పరుపుమీద తనే పరిచాడు. నీలం పట్టుమీద జరీ అక్షరాలు. అంత మంచి పని నేను చూడలేదు. దేశాలన్నీ అయ్యాక చివర మూరెడు మేర గ్రీన్‌లాండ్, బెర్ముడా, సెయింట్ హెలీనా, న్యూ కాలెడోనియా, అరూబా. వాటి కింద ఓబులేసు.

"ఈ గ్రీన్‌లాండ్‌ను ఏలేదెవురు సారూ?" అన్నాడు షావుకారు.

"డెన్మార్క్ రాజు. కానీ వాళ్ళకు సొంత సభ ఉంది, జెండా ఉంది, స్టాంపులున్నాయి."

"ఐక్యరాజ్యసమితిలో కుర్చీ ఉండాదా?"

"లేదు."

లక్ష్మీదేవి ఊరుకోలేదు. "మా చిన్నోడు పెండ్లయినంక వేరే పొయ్యి పెట్టుకున్నాడు. రేషన్ కార్డు ఈయన పేరుమీదనే ఉండాది. అట్లని వాంది ఇల్లు కాదా అన్నా?"

భేష్ అనుకున్నాను. స్టాంపులు, జెండాలు అంటూ నేను తిప్పి తిప్పి చెప్పినదాన్ని ఆమె ఒక్క ముక్కలో తేల్చింది.

షావుకారు నవ్వాడు. "ఇల్లేనమ్మా. మరి జాతరకు ఇంటికింతని చందా ఎత్తుతారు గదా. మీవాడు వేరే ఇస్తాడా, నాయనతో కలిపి ఇస్తాడా?"

"కలిపే," అనేసింది ఆమె. అన్నాక నాలుక కరుచుకుంది.

"అంతే గదా. సారూ, సాగదీయొద్దు. ఇవి దేశాలా, కాదా?"

ఓబులేసు నా ముఖంలోకి చూస్తున్నాడు. "దేశాలే" అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు, ఒక లెక్కలో నిజమే. కానీ నా పాడు బుద్ధి పోనిస్తే కదా! "కొన్ని లెక్కల్లో అవును, కొన్ని లెక్కల్లో కాదు," అన్నాను.

"సగం దేశాలను యాడ వేలాడదీసేది సారూ? చూసినోళ్ళు నవ్వుతారు," అని షావుకారు కత్తెర తెప్పించాడు. దీవులకు పైన అడ్డంగా కోశాడు. ఓబులేసు పేరు ఆ ముక్కలోనే ఉండిపోయింది.

"పేరు వేరే నేయించి పైదానికి కుట్టించండి," అన్నాను గాభరాగా.

"ఎల్లుండే ప్రదర్శన. టయం యాడుండాది?"

"కుట్టిన పేరు నాకొద్దులే సారూ," అన్నాడు ఓబులేసు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఆ ముక్కను మడిచి నా చేతిలో పెట్టాడు. "మీ స్టాంపులతో బాటు పెట్టుకోండి."

తిరుగు రైలు తప్పిపోయింది. మూడున్నరకు బత్తలపల్లె మీదుగా అనంతపురం బస్సు పట్టుకున్నాను. ధర్మవరం వెళ్ళినవాళ్ళు మగ్గాలు చూడకుండా రావద్దు, నేతగాళ్ళు విసుక్కోకుండా చూపిస్తారు. నాకు మాత్రం మళ్ళీ ఆ వీధిలోకి ఏ ముఖంతో వెళ్ళాలో తెలియడం లేదు.

పక్క సీటాయన నా ఒళ్ళోని పట్టుముక్కను వేలితో నిమిరాడు. "ఏం రాసినారు సార్?"

"దీవుల పేర్లు."

కూడబలుక్కుంటూ చదివాడు. "బెర్ముడా ఎవురిది?"

"ఇంగ్లండుది."

"అరూబా?"

"నెదర్లాండ్స్‌ది."

"ఓబులేసు... ఇదేందన్నా, మా బామ్మర్ది పేరు మాదిరుండాది?"

"అది మనిషి పేరే. నేసినవాడి పేరు."

"మరి ఈ దీవుల్లో యాల కలిపినారు?"

"కలపలేదన్నా," అన్నాను. "వాటితో బాటు కోసేసినారు."