బయటివాళ్ళ కిచిడీ

ఇందులో రాసిన ప్రతి అక్షరం నిజం. నా మాట ఒక్కటి కూడా నమ్మని మా ఆవిడ మీద ఒట్టు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. తార్నాకలో మా ఇంటికీ యూనివర్సిటీ క్యాంపస్‌కీ మధ్య పోలీసుల ముళ్ళకంచె ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు లేస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. అలా కంచె తీసేసిన ఒక వారంలో సైకిల్ పిచ్చోళ్ళు కొందరు క్యాంపస్‌లో పందెం పెట్టారు. రాత్రి ఎనిమిదికి మొదలు, పొద్దున ఎనిమిదికి ఆఖరు. హాస్టళ్ళ వెనకున్న బండరాళ్ళ మీదుగా, తుప్పల్లోంచి చుట్లు కొడుతూనే ఉండాలి. ఎక్కువ చుట్లు కొట్టినవాడు గెలిచినట్టు. జట్లుగా దిగినవాళ్ళు వంతులేసుకుని నిద్రపోయారు. ఒంటరిగా దిగినవాళ్ళలో తెల్లారేదాకా మిగిలింది ఇద్దరమే: ముప్పై అయిదేళ్ళ నేనూ, హాస్టల్లో ఉండి పీజీ చదివే ఒక విద్యార్థీ.

ఒంటరి పందేనికి నియమం ఒక్కటే. బయటివాళ్ళ సాయం తీసుకోకూడదు. పంక్చరైతే మనమే వేసుకోవాలి, ఆకలేస్తే మన డబ్బాలోదే తినాలి. గెలిస్తే గేర్ల సైకిలు ఇస్తారు. అతనికది కావాలి. తొక్కుతున్నది అరువు సైకిలు, పొద్దున్నే తిరిగిచ్చేయాలి. వచ్చే నెల వేరే ఊళ్ళో పెద్ద పందెం ఉంది, సొంత సైకిలు లేకపోతే పోలేడు. ఇదంతా మూడో చుట్టులో తనే చెప్పాడు. నాకు ఇంట్లో అప్పటికే రెండు సైకిళ్ళున్నాయి.

ఏడో చుట్టులో ఒక నెమలి నా హ్యాండిల్ మీద వాలి, హాస్టల్ గోడ దాకా వచ్చి దిగిపోయింది. బరువు తెలియలేదు గానీ, తోక కళ్ళకు అడ్డం పడింది.

పొద్దున ఏడు కావస్తుండగా తార్నాక వైపు రోడ్డు మీదికి తేలాం. అతను నాకన్నా రెండు చుట్లు ముందున్నాడు. చూస్తే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు. వంటావార్పు. రోడ్డు మీదే వండి, వచ్చేపోయేవాళ్ళకు పెట్టి, అక్కడే కూర్చుని తినడం. ఉద్యమంలో రోడ్డు ఆపడానికి అదొక పద్ధతి. లాలాపేట్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గరిటె అడ్డం పెట్టింది.

"ఏడికి ఉరుకుతున్రు బిడ్డా? తినిపోండ్రి."

"పందెంలో ఉన్నామమ్మా" అన్నాను.

"మేం గూడ పందెంలనే ఉన్నం. కూసో."

నా యాస విని పక్కనెవరో "ఈ అన్న కోస్తాయన లెక్కున్నడు" అని నవ్వారు. "ఇక్కడే, తార్నాకలోనే ఉంటాం" అని గొణిగాను.

ఆమె నవ్వినవాణ్ణి కసిరింది. "యాడోడైతే ఏంది రా? తార్నాకల ఉంటున్నడు, మనోడే." నా చేతిలో విస్తరి పెట్టి కిచిడీ వడ్డించింది.

"తినొచ్చా అన్నా?" అన్నాడు అతను.

"తినకపోతే ఏమనుకుంటారు?" అన్నాను, అప్పటికే రెండో ముద్ద నోట్లో ఉంది. "కాకపోతే, బయటివాళ్ళ దగ్గర తీసుకోవద్దన్నారు."

"వీళ్ళు బయటోళ్ళు ఎట్లయితరన్నా? మనోళ్ళే గదా!" అని నిశ్చింతగా కూర్చున్నాడు. నేను మారు కూడా పెట్టించుకున్నాను.

ఎనిమిదికి పందెం ముగిసింది. అవే రెండు చుట్ల తేడా. బల్ల దగ్గర నిర్వాహకుడు అతణ్ణి అడిగాడు, "బయటివాళ్ళ దగ్గర ఏమైనా తీసుకున్నావా?"

"లే సార్."

అతని లెక్కన అది నిజమే. నిర్వాహకుడు నా వైపు తిరిగి, "నువ్వూ వెంటే ఉన్నావుగా, నిజమేనా?" అన్నాడు. అంత సూటిగా అడిగితే ఏం చెప్పను?

"రోడ్డు మీద కిచిడీ తిన్నాడు సార్."

"ఎవరు పెట్టారు?"

"బయటివాళ్ళు."

నన్ను మనోడే అని కూర్చోబెట్టిన మనిషిని పట్టుకుని అన్న మాట అది.

అతని పేరు కొట్టేశారు. "అన్న గూడ తిన్నడు" అంటే నా పేరూ పోయేది. అనలేదు. నా ముఖంలోకి ఒకసారి చూసి, "ముబారక్ అన్నా" అని, అరువు సైకిలు నడిపించుకుంటూ హాస్టల్ వైపు వెళ్ళిపోయాడు.

గేర్ల సైకిలు మా బాల్కనీలో ఉంది. ఒక్కరోజూ ఎక్కలేదు. వానాకాలంలో దాని మీద బట్టలారేస్తాం. హబ్సిగూడ టిఫిన్ సెంటర్లో ఈ కథ చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, "వాళ్ళే అడిగితే నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అంటారు. ఆ మాట వినడానికే ఇన్నేళ్ళూ చెబుతూ వచ్చాను.

నెమలిని వదిలేయండి, దాన్ని మీరెలాగూ నమ్మి ఉండరు. నేను కల్పించింది ఆ ప్రశ్న. నిర్వాహకుడు నా వైపు తిరగనే లేదు. అతని మాట నమ్మి, మొదటి స్థానంలో పేరు రాస్తున్నాడు. సగం పేరు రాశాక, నేనే సైకిలు స్టాండేసి, బల్ల దగ్గరికి నడిచి వెళ్ళాను.