నడుమ నాటిన మల్గోవా

మా బంధువుల్లో ఎవరు కొత్త ఇల్లు కట్టినా గృహప్రవేశానికి తలా ఒక మొక్క పట్టుకొస్తారు. స్టీలు గిన్నెలైతే అటక మీద పడేయొచ్చు, మొక్కను ఎక్కడ పడేస్తాం? పైగా తెచ్చినవాళ్లు ఆ తర్వాత ఎప్పుడొచ్చినా కాఫీ అయినా తాగకుండా నేరుగా పెరట్లోకి వెళ్లి తమ మొక్కను పలకరిస్తారు.

ధర్మపురి బయట మేం ఇల్లు కట్టుకున్నప్పుడు మా ఆయన పెరడంతా టేపుతో కొలిచి, ముప్పై అడుగులకొకటి చొప్పున నాలుగు గుంతలు తవ్వించారు. నాలుగు మామిడి చెట్లు, గోడ వెంబడి గోరింట కంచె. అంతవరకూ బాగానే ఉంది. గృహప్రవేశం నాటి సాయంత్రానికి మామిడి మొక్కలతో వసారాలో కాలు పెట్టే చోటు లేదు.

"నాలుగు మంచివి ఉంచుకొని మిగతావి ఎవరికన్నా ఇచ్చేద్దాం" అన్నాను. కన్నబిడ్డల్ని సంతలో అమ్మేద్దామన్నట్టు చూశారు నన్ను. ఎవరి మొక్క నాటకపోతే వాళ్లకు కోపం మరి! అందుకని గుంతకూ గుంతకూ మధ్య ఇంకో గుంత, ఆ మధ్యలో మరొకటి. మొక్కలు మోకాలెత్తున ఉన్నప్పుడు పెరడు బోసిగానే కనిపిస్తుంది. అదే మోసం. గోరింటకు జానెడు చాలు, మామిడికి ముప్పై అడుగులు కావాలి. ఈ మనిషి మామిడిని గోరింట లెక్కన నాటేశారు. "ఇవి చెట్లా, పాలకోడు బస్సులో జనమా?" అని అడిగాను. వింటేనా!

కొన్నేళ్లకు పెరట్లో పట్టపగలే చీకటి. కొమ్మల్లో కొమ్మలు దూరి, వెలుతురు కోసం అన్నీ పైపైకి ఎగబాకాయే తప్ప పూత లేదు, పిందె లేదు. అన్నిటికన్నా అన్యాయం నడుమనున్న మల్గోవా. అది తాను కాయదు, పక్కనున్న తోతాపురిని కాయనివ్వదు. కొట్టాల్సింది దాన్నేనని మా ఇద్దరికీ తెలుసు. కానీ అది మా ఆయన అక్క తెచ్చింది.

మా వదిన ఉండేది ఏ. పళ్లిపట్టి అనే ఊళ్లో. వాళ్లమ్మ పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఆమే. కోపం వస్తే అరవదు, రావడం మానేస్తుంది. ఏదో పెళ్లిలో తనకు తాంబూలం ఆలస్యమైందని సొంత మరిది గడప తొక్కి ఎన్నేళ్లయిందో! "చెట్టు కొట్టినామంటే అక్క మనింటికి రాదు" అని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నాకూ జాలేసింది. అయినా జాలికి మామిడికాయలు కాయవు గదా. ఆయన కంబైనల్లూరు వెళ్లిన రోజు చూసి చెట్లు కొట్టే మనిషిని పిలిపించాను.

అక్క రాదేమోనని ఏడ్చిన మనిషే ఆ తర్వాత అక్కను రానివ్వకుండా సాకులు చెప్పడం మొదలుపెట్టారు. ఇంటికి సున్నం వేయిస్తున్నామన్నారు, నాకు జ్వరమన్నారు. ఆ వేసవిలో తోతాపురి విరగకాసింది. చెప్పాపెట్టకుండా వదిన బస్సు దిగింది.

తిన్నగా పెరట్లోకి నడిచి, తన చెట్టు ఉండాల్సిన చోట ఆగింది. ఉన్నదున్నట్టు చెప్పేద్దామని నేను నోరు తెరిచేలోపే మా ఆయన తోతాపురి వైపు చెయ్యి చాపి, "అదో అక్కా, నువ్వు తెచ్చింది! ఎట్ల కాసిందో చూడు" అనేశారు.

నాకు తల బాదుకోవాలనిపించింది. మల్గోవా గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది. తోతాపురి పొడుగ్గా, కొసన ముక్కుతో ఉంటుంది. మా జిల్లాలో పాలు తాగే బిడ్డకైనా ఆ తేడా తెలుసు.

వదిన ఒక దోరకాయ కోయించుకుని, అరుగు మీద కూర్చుని, ఉప్పూకారం అద్దుకుంటూ తాపీగా తింది. మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇక ఈమె మా గడప తొక్కదని నాకూ భయం పట్టుకుంది.

చెయ్యి కడుక్కుని, "నా మల్గోవాకు ముక్కు ఎప్పుడు మొలిచిందిరా?" అంది.

ఆయన తల దించుకున్నారు. "నేనే కొట్టించినాను వదినా, ఎడం చాల్లేదు" అన్నాను.

"మంచి పని చేసినావు. వీడు మా ఇంటికి తెచ్చిన పనస ఉండాదే, దాన్ని కాపుకు రాకముందే కొట్టించేసినాను. గోడ పగులుతా ఉండె. మీరు వచ్చినప్పుడంతా చూపిస్తా ఉండేది పక్కింటోళ్ల చెట్టు."

ఏటా ఆ పనస తొనలు 'మన చెట్టువి' అంటూ ఊరంతా పంచిన మా ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డారు. "నాకెందుకు చెప్పలేదక్కా?" అన్నారు.

"చెప్తే నువ్వు నా ఇంటికి రాకుండా పోతావేమోనని భయపడినాన్రా" అంది వదిన.