పేపరక్క అడిగే సంతకం

మా డబ్బాల ఫ్యాక్టరీలో నెలనెలా ఓ పత్రిక వస్తుంది. పేరు 'మన మాట', నాలుగే పేజీలు. కొత్తగా ఎవరు చేరారు, ఎవరి పిల్లలు పాసయ్యారు, క్యాంటీను వేళలు ఎప్పట్నుంచి మారుతున్నాయి, ఇవీ అందులో వార్తలు. బయటివాళ్ళు చూస్తే ఇదీ ఒక పత్రికేనా అని నవ్వుతారు. నవ్వనివ్వండి. మా షెడ్డులో మాత్రం అది చేతికొస్తే టీ చల్లారిపోయినా ఎవరికీ పట్టదు.

ఇరవై ఆరేళ్ళుగా దాన్ని నడిపిన మనిషి ఈ నెలాఖరుకి రిటైరవుతోంది. ఉద్యోగం చూస్తే డిస్పాచ్ గుమాస్తా. పత్రిక పని అదనం, నెత్తిన వేసుకున్నది. అందరికీ ఆమె పేపరక్క. కుట్టుమిషను పెట్టుకున్న వాళ్ళాయన్ని కూడా వీధిలో 'పేపరక్కగారి ఆయన' అనే అంటారు. "నా షాపు బోర్డు కన్నా ఆ పేరే బాగా నడుస్తోంది," అంటాడాయన.

నేను ప్యాకింగులో పనిచేస్తాను. ఎనిమిదేళ్ళుగా అచ్చుతప్పులు దిద్దడంలో ఆమెకి సాయం. అందుకని ఆమె గురించి నన్నే రాయమన్నారు. అరపేజీ చాలన్నారు. చాలదు.

మొదటి సంచికలోనే అక్క ఒక తప్పు చేసింది. బాయిలరు దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన గురించి 'ముప్ఫై ఏళ్ళ సేవ' అని వేసింది. ఆయన చేసింది ముప్ఫై ఒకటి. మర్నాడు ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడట.

"నా ఏడాది ఒకటి కనబడటం లేదమ్మాయ్."

"పొరపాటైంది బాబాయ్. వచ్చే నెల సవరణ వేస్తాను."

"సవరణ ఎవరు చూస్తారు? మీ పిన్ని అప్పుడే ఫ్రేము కట్టించి గోడకి పెట్టేసింది. రోజూ అన్నం తినేటప్పుడు నాకెదురుగా అదే."

ఆ రోజునుంచి అక్క ఒక పద్ధతి పెట్టుకుంది. ఎవరి గురించి రాస్తే వాళ్ళకి ముందు చూపించి, మార్జిన్లో సంతకం తీసుకుంటుంది. సంతకం లేనిది అచ్చుకు పోదు. మా డ్రైవరు పెళ్ళివార్తకి పెళ్ళికొడుకు సంతకం సరిపోదని, పెళ్ళికూతురి సంతకం కోసం రెండు బస్సులు మారి వెళ్ళొచ్చిన మనిషి ఆమె. ఛాదస్తం అనేవాళ్ళం. అనడానికి మాకేం, నోరు ఖాళీగా ఉండేది.

ఆరేళ్ళ కిందట మాకు కొత్త మేనేజరు వచ్చాడు. మంచి మాటకారి. నోరు తెరిస్తే 'మనమంతా ఒకే కుటుంబం' అనేవాడు. పని తొందరగా అవుతుందని ఆ కుటుంబపెద్దే డబ్బా మూతలు నొక్కే నాలుగో ప్రెస్సుకి చేతి రక్షణ కోసం ఉన్న ఇనప జాలీ తీయించేశాడు. రెండు నెలలు తిరక్కుండా ప్రెస్సు నడిపే పొడుగాయన కుడిచేతి వేళ్ళు రెండు అందులో పోయాయి.

ఆ నెలే హెడ్డాఫీసు నుంచి పెద్దలు వస్తున్నారు. మేనేజరు ఓ కాగితం తెచ్చి అక్క ముందు పెట్టాడు. మొదటి పేజీలో వేయాలట. 'ప్రమాదమే లేని సంవత్సరం' అని శీర్షిక.

"పొడుగాయన సంగతేంటి సార్?" అంది అక్క.

"అది అతని అజాగ్రత్తమ్మా. ప్రమాదం కింద రాదు."

పక్కనే అచ్చుతప్పులు దిద్దుతున్న నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అక్క మాత్రం నెమ్మదిగా కళ్ళజోడు తుడుచుకుంది.

"ఈ వార్త ఎవరి గురించి సార్?"

"ఎవరి గురించేంటి, మనందరి గురించీ."

"అయితే అందరి సంతకాలూ కావాలి."

ఆయన జోకనుకుని నవ్వాడు. అక్క అప్పుడే కాగితం తీసుకుని షెడ్డులోకి బయల్దేరింది.

నాలుగు రోజులు, భోజనాల వేళ, నూట నలభై మంది దగ్గరికీ తిరిగింది. ఎవరినీ ఒక్క మాట అడగలేదు. చదవమని ఇచ్చేది, అంతే. చదివినవాళ్ళు తలొంచుకుని తిరిగిచ్చేవాళ్ళు. "చేతికి నూనె ఉందక్కా," అనేవాళ్ళు. ఆ నాలుగు రోజులూ మా ఫ్యాక్టరీలో నూనె లేని చెయ్యి లేదు. అట్టపెట్టెలు కట్టే ప్యాకింగులో నూనె ఎక్కడిది? అయినా నేనూ అదే చెప్పాను. ఒప్పుకోనని గట్టిగా అనడానికి నోరు రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఐదో రోజు సాయంత్రం పొడుగాయన ఇంటికి బయల్దేరుతూ నన్నూ రమ్మంది. మేడమీద రెండు గదులు. ఆయన ఎడంచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అవస్థ పడుతున్నాడు. అక్క చేతిలో కాగితం చూడగానే ఆయన భార్య గుమ్మానికి అడ్డం వచ్చింది.

"వదినా, మీకు దణ్ణం పెడతా, మమ్మల్ని ఇందులోకి లాగొద్దు. నోరు మెదపకపోతే గేటు దగ్గర పని ఇస్తామని కబురు చేశారు."

"నేను సంతకం పెట్టమనను, వద్దనను. మీ సంసారం మీది," అంది అక్క. "కానీ చూపించకుండా వేయడం నాకు చేతకాదు."

పొడుగాయన కాగితం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇందులో నా గురించి ఏమీ లేదు కదక్కా."

"అదే చూపిద్దామని వచ్చాను తమ్ముడూ."

ఆయన కాగితాన్ని మోకాలిమీద పరుచుకున్నాడు. తర్వాత పెన్ను అడిగాడు. ఎడంచేత్తో, వంకరటింకర అక్షరాలతో, వార్త కింద రాశాడు. 'ఈ ఏడాది నేను కూడా ఇక్కడే ఉన్నాను. నాలుగో ప్రెస్సులో నా వేళ్ళు రెండు పోయాయి.' సంతకం పెట్టబోతుంటే ఆయన భార్య కళ్ళు తుడుచుకుని దగ్గరికొచ్చింది.

"రాసేదేదో పూర్తిగా రాయి. జాలీ తీసేశారని కూడా రాయి."

మర్నాడు అక్క ఆ కాగితం మేనేజరు ముందు పెట్టింది.

"ఇది గనక వేస్తే వచ్చే నెలనుంచి పత్రిక మీ చేతిలో ఉండదు," అన్నాడాయన.

"సరే సార్. ఈ నెల ఉంది కదా."

ఉన్నదున్నట్టు వేసింది. పైన ఆయన వార్త, కింద పొడుగాయన చేతిరాత, దానికి దొరికిన ఒకే ఒక్క సంతకంతో సహా. పొద్దున షిఫ్టుకి గేటు దగ్గర తనే నిలబడి నూట నలభై కాపీలూ పంచింది. మధ్యాహ్నానికి మేనేజరు మొహం మాడ్చుకుని కాపీలన్నీ వెనక్కి ఇమ్మన్నాడు. ఒక్కటీ రాలేదు. బాయిలరు పెద్దాయన కథ తెలియనివాడు మాలో ఎవడున్నాడు? వరసపెట్టి అందరిదీ ఒకటే జవాబు. "మా ఇంట్లో ఫ్రేము కట్టించేశారు సార్."

అన్నట్టే పత్రిక అక్క చేతిలోంచి లాక్కున్నారు. రెండేళ్ళు నున్నటి రంగుల కాగితం వచ్చింది, టిఫిను పొట్లాలకి బాగా పనికొచ్చింది. గేటు దగ్గర పని కూడా పొడుగాయనకి ఇవ్వలేదు. కానీ ఆయన్ని తిరిగి తీసుకుని, జాలీ బిగించేదాకా నాలుగో ప్రెస్సు దగ్గర ఎవరూ నిలబడలేదు. పదకొండు రోజులు అది ఊరికే పడి ఉంది. ఇప్పుడాయన స్టోర్సులో ఉన్నాడు. ఆ మేనేజరు వెళ్ళాక పత్రిక మళ్ళీ అక్క బల్లమీదికే వచ్చింది.

ఇదంతా రాసిస్తే ఇప్పటి మేనేజరుగారు, "వీడ్కోలు వార్తలో ప్రెస్సు గొడవ ఎందుకయ్యా, తీసేద్దాం," అన్నారు. సంతకాలయ్యాక మాట్లాడదాం సార్ అని కాగితం అక్క దగ్గరికి పట్టుకెళ్ళాను. నేను ముచ్చటపడి రాసుకున్న 'ధీరవనిత' అన్న మాట కొట్టేసి సంతకం పెట్టింది.

"నాకొక్కదానికి చూపిస్తే సరిపోయిందా? ఇందులో ఇంకా ఎవరెవరున్నారో చూసుకో," అంది.

స్టోర్సుకి వెళ్ళాను. పొడుగాయన చదివి, ఎడంచేత్తోనే పెట్టాడు. ఇప్పుడా రాత గుండ్రంగా కుదిరింది. తిరిగొచ్చి చూపిస్తే అక్క ఇంకా తృప్తిపడలేదు. షెడ్డులో నేను నూనె వంక చెప్పి తప్పించుకున్న వాక్యం మీద వేలు పెట్టి పెన్ను నా చేతికిచ్చింది.

మూడు సంతకాలూ ఉన్నాయి కాబట్టి ఇది మొత్తం అచ్చుకు పోతోంది. కాదనాలంటే మేనేజరుగారు ముందు మా ముగ్గురితో మాట్లాడుకోవాలి. ఈసారి నా చేతికి నూనె లేదు.